చేపల గదిలో డొల్ల చప్పుడు

ఆ అక్వేరియంలో అడుగుపెట్టినప్పటి నుంచీ నాకు ఒక్క చోట నిలబడబుద్ధి కాలేదు. బయట అంత సముద్రం ఉండగా, టికెట్లు కొని చీకటి గదిలోకి రావడమేమిటని మా అమ్మాయితో వాదన పెట్టుకున్నాను. ఇంకా తెలంగాణ రాని రోజులు. కంపెనీ ఇచ్చే ఎల్టీసీ మీద గోదావరిఖని నుంచి విశాఖపట్నం పోదామన్నప్పుడు, ఏడో తరగతి చదివే మా పిల్ల ఈ చేపల గది తప్ప ఇంకేదీ అడగలేదు.

"సముద్రంల చేపలు పైకి కనపడయి గదమ్మా" అంది.

సరేనని దాని వెంట నడిచాను. వాదనలో నేను తగ్గడం అరుదు.

గోడల పొడుగునా గాజు తొట్లు, వాటిల్లో నీలం వెలుగు. గాలి పంపులు గుడగుడమంటున్నాయి. అన్నిటికన్నా పెద్ద తొట్టిలో ఒక తాబేలు ఈ మూల నుంచి ఆ మూలకు ఈది, గాజుకు ముక్కు తగలగానే వెనక్కి మళ్లుతోంది. దాన్ని చూసేసరికి నా కాళ్లు ఇంకా నిలవలేదు.

మా ఆయనకు మాత్రం చీకటి సొంతిల్లు. ఆయన బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు వాళ్లు పనిలోకి దిగకముందే లోపలికి పోయి, ఇత్తడి తొడుగున్న కర్రతో పైన రూఫ్‌ను కొట్టి చప్పుడు వినడం ఆయన డ్యూటీ. బాగుంటే ఖంగుమంటుంది. లోపల పగులుంటే ఖాళీ డబ్బాలాగా డొల్లగా మోగుతుంది. పెళ్లయిన కొత్తలో మా వంటింటి స్లాబు మీద కొట్టి నాకూ నేర్పించాడు. డిగ్రీ చదివిన దానికి ఇదెందుకని కొట్లాడాను గానీ చెవికి పట్టుబడింది.

తక్కువ ఎత్తు కప్పు కనబడగానే ఆయన చేతిలో గొడుగు లేచింది. మొనతో రెండు దెబ్బలు కొట్టాడు. అట్టలాంటి పలకల కప్పు, డొల్లగా మోగింది. అవతల చేపల్ని చూస్తున్న వాళ్లు కూడా తలలెత్తారు. ఆయన తల పక్కకు వంచి, "మంచిగనే ఉన్నది" అన్నాడు.

వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "ఏంటండీ మీరు, గొడుగుతో కప్పు పొడుస్తారేంటండీ?"

"పొడుస్తలేడు, పరీక్ష చేస్తున్నడు. మీ కప్పు కిందనే గదా మా పిల్ల నిలబడ్డది" అన్నాను. నోరు తన పని తాను చేసింది. నేను మాత్రం ఆ 'మంచిగనే' దగ్గరే ఆగిపోయాను. రూఫ్ మాటతో ఆయన తమాషా చేయగా ఎన్నడూ చూడలేదు.

పిల్ల పక్క తొట్టి దగ్గరికి పోయింది. నేను ఆయన వెనక నిలబడి "బావా" అన్నాను. తిరగలేదు. గట్టిగా అన్నాను. ఎవరో ఒకావిడ తిరిగి చూసింది, ఆయన తిరగలేదు. కొంచెం జరిగేసరికి గాజులో నా ముఖం కనపడినట్టుంది.

"ఏందే?" అన్నాడు, గాజులోని నా మూతి చూస్తూ.

ఏడాదిగా నాతో వాదించడం మానేశాడు. చివరికి నేనే గెలిచానని మురిసిపోయి ఉన్నాను.

భుజం పట్టి నా వైపు తిప్పుకున్నాను. "చెవులు ఎప్పటిసంది?"

"నిరుటిసంది. బ్లాస్టింగ్ మోతకు."

"మరి మెడికల్ల ఎట్ల పాసైనవ్?"

"అడిగినోని మూతి చూసి చెప్పిన."

"రూఫ్‌కు మూతి ఉంటదా బావా?"

"చెయ్యి పెట్టి చూస్త. అదురు తెలుస్తది."

"ఇందాక తెలిసిందా?"

గొడుగు చంకన పెట్టుకున్నాడు. "చెప్తే పైన కూసోబెడ్తరే. ఇన్నేండ్లు కింద చేసినోణ్ని దీపాలిచ్చే గదిల కూసోబెడ్తరు. పోరగాండ్లు నవ్వుతరు."

"నువ్వు మంచిగుందంటెనే ఆ పోరగాండ్లు లోపలికి పోతరు. నవ్వనీ. నవ్వెతందుకు బతికుండాలె గదా వాళ్లు."

పిల్ల వచ్చి ఆయన వేలు పట్టుకుని ఏదో అడిగింది. ఆయన వంగి దాని ముఖంలోకి చూశాడు. పిల్లలతో ఎంత బాగా వంగి మాట్లాడతాడని కాలనీలో అందరూ మెచ్చుకునేవాళ్లు. మూతి కనపడాలని వంగుతున్నాడు.

రైల్లో మా స్టేషన్ రామగుండం దాకా నేను కుదురుగా కూర్చోలేదు. సోమవారం మొదటి షిఫ్టు. "నువ్వు చెప్పకుంటే నేనే పోయి మేనేజర్‌కు చెప్త" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నా మూతి చూడకపోతే నా మాట లేనట్టే.

సోమవారం పొద్దున బూట్లు వేసుకుని, కర్ర తీసుకుని వాకిట్లోకి పోయినవాడు మళ్లీ వంటింట్లోకి వచ్చాడు. కర్ర నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

"కొట్టు" అన్నాడు.

స్లాబు మీద కొట్టాను. ఖంగుమంది. ఇంకోటి కొట్టాను. తర్వాత పొయ్యి పక్కనున్న ఖాళీ నూనె డబ్బా మీద కొట్టాను. పక్క క్వార్టర్ అవ్వ "ఏందే, పొద్దుగాల్నే మొదలువెట్టినవ్" అని గోడ అవతల నుంచి అరిచింది.

"కొట్టినవా?" అన్నాడు ఆయన.

దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను. కళ్లు తెరిచి కర్రను చూశాడు, నన్ను చూశాడు.

"మేనేజర్‌కు అర్జీ నువ్వే రాయి. చదువుకున్నవ్ గదా" అన్నాడు.

పిల్ల సంచిలోంచి నోటుబుక్కు లాగి కాగితం చింపాను. పెన్ను కోసం వెతుకుతుంటే షిఫ్టు సైరన్ మోగింది. నేను తలెత్తాను. ఆయన ఎత్తలేదు.