మిషను చెప్పిన ఉప్పు

పెళ్లివారి ముందు పరువు పోగొట్టుకోవడానికి చాలామందికి చుట్టాలు కావాలి. నాకు ఒక్క అక్షరం చాలింది. ఎలాగో చెబుతాను. ముందు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, పనికొస్తాయి.

నేను చదివింది అయిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. ఇంగ్లీషు అక్షరాలు కిరండూల్ స్టేషన్లో విశాఖకి ఇనపరాయి మోసే గూడ్సు పెట్టెల మీద చూసి నేర్చుకున్నాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం కాబట్టి ఆ బడికి ఫీజు లేదు. అలాంటి నాకు మా మనవరాలు జ్యోతి, కాలేజీ సెలవులకొచ్చి, కంప్యూటరు మిషను మీద ఆర్ అనే లెక్కల భాష నేర్పింది. అందులో ఫంక్షనంటే పేరంటం కాదట. ఇటు అంకె పోస్తే అటు జవాబు రాల్చే పిండిమర లాంటిదట. ఏటేటా ఎంత మామిడికాయకి ఎంత ఉప్పు పట్టిందో నేను చెబితే మిషను సగటు కట్టింది. దాంతో ఆవకాయ ఉప్పు ఫంక్షను నా చేత్తో నేనే రాశాను. పేరు 'యు'. అందులో పోసే అంకె 'ఎక్స్'. ఒక్కక్షరంతో పోయేదానికి నాలుగెందుకు?

"మామ్మా, పైన రెండు ముక్కలు రాయి. ఎక్స్ అంటే ఏటో, వచ్చే జవాబు ఏటో. ముందర హ్యాష్ గుర్తు పెడితే మిషను ఆ లైను చదవదు."

"చదవదా? మరెవరి కోసమే?"

"మనుషుల కోసం."

"మనుషులకి చెప్పడానికి నేను లేనేటి? నోరు పడిపోయిందా నాకు?"

"రేపు నువ్వే మర్చిపోతే?"

"కన్నపిల్లల పేర్లు మర్చిపోతానా?"

(ఒకణ్ని పిలవాలంటే మిగతా అందరి పేర్లూ తిరిగొస్తాను, అది వేరే సంగతి.)

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు. నేను రాసిన ఫంక్షనుకి మూడే లైన్లు.

మరుసటి వేసవికి పక్క క్వార్టరు మేరీ కూతురికి విశాఖ సంబంధం కుదిరింది. సారెలో నా ఆవకాయే ఉండాలని మేరీ పట్టు.

"ఒదినా, మా వియ్యపురాలు వంకలు పెట్టే మనిషి. నా పరువు నీ చేతిలో ఉంది."

కాయ మేరీ పుట్టింటి నుంచి రైల్లో వచ్చింది. బస్తా మీద 'ఇరవై కిలోలు' అని రాసి మరీ పంపారు. బస్తాకి కూడా వివరం ఉంది, గమనించండి. ఎక్స్ దగ్గర ఇరవై కొట్టాను.

జవాబు ప్రకారం కొలిచి పెట్టిన ఉప్పు చూసి మేరీ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒదినా, ఇంతుప్పేటి? కాయకి ఉప్పా, ఉప్పుకి కాయా?"

నా చెయ్యి కూడా ఆగింది, అబద్ధమెందుకు. కానీ ఏడాదంతా "చేతి అంచనాలు మొరటోళ్లకి, నాది లెక్క" అని కాలనీ అంతా చాటిన నోరు కూడా నాదే. చెయ్యీ నోరూ తగువు పడితే మా ఇంట్లో గెలిచేది ఎప్పుడూ నోరే.

"మిషనుకి నీకంటే తెలుసు. పొయ్యి!"

మూడోనాడు తిరగగలిపి రుచి చూడటం రివాజు. అదీ మానేశాను. లెక్క కట్టినదానికి నాలుకతో పనేముంది?

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. ఈ ఉప్పుకి మిగతావి వేయడమే దండగైంది.

పెళ్లి భోజనాల్లో జాడీ తీశారు. వియ్యపురాలు ఒక ముద్ద నోట పెట్టుకుని, కళ్లు మూసి, తెరిచి, గ్లాసు ఖాళీ చేసి మేరీ వైపు తిరిగింది.

"ఒదినగారూ, మీ కొండ నుంచి మా ఊరికి ఇనపరాయే వస్తాదనుకున్నాను. సముద్రం పక్కనున్నోళ్లకి ఉప్పురాయి కూడా ఎందుకమ్మా పంపడం?"

బంతి బంతంతా నవ్వింది. మేరీ నవ్వలేదు, నా వైపు చూసింది. ఆ చూపు ముందు ఆవకాయే చప్పన.

పెళ్లికని సెలవు పెట్టి వచ్చిన జ్యోతి, ఇంటికి రాగానే మిషను తెరిచింది.

"మామ్మా, నువ్వు నిరుడు చెప్పిన లెక్కలు ఏ కాయలవి?"

"మన సంత కాయలవే."

"తూకం వేసి కొన్నావా?"

"సంతలో తూకమేటే? కుప్పల లెక్కే కదా..."

ఈసారి ఓడింది నా నోరు. సంత కుప్ప మూడు కిలోలకి తగ్గదు. నేను కిలోలు పోస్తే, మిషను పాపం కుప్పలనుకుని మూడింతల ఉప్పు లెక్కగట్టింది. జ్యోతి నన్ను తిట్టకుండా సగటుని కిలోల్లోకి మార్చి కట్టింది. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని.

మేరీకి ఆ వారమే మళ్లీ ఆవకాయ పెట్టి విశాఖ పంపాను, చేతి అంచనాతోనే. వెనక్కి తెచ్చుకున్న పాత జాడీ పారేయడానికి నాకు మనసొప్పుతుందా? ఆ ఏడు మా ఇంట్లో పప్పులో ఉప్పు వేయలేదు. ఓ ముక్క ముంచి తీస్తే సరిపోయేది.

ఇప్పుడు కూడా నా ఫంక్షనుకి మూడే లైన్లు. వాటి నెత్తిన హ్యాష్ లైన్లు మాత్రం పురాణమంత. "ఎక్స్ అంటే కిలోలు. కుప్పలు కావు. ఓసి మతిమరుపుదానా, కుప్పలు కావు!"

ఆ జాడీ మీద చెయ్యేసి ఒట్టు కూడా పెట్టుకున్నాను, వివరం రాయని రోజున మంచినీళ్లు ముట్టనని. నోట్లో ఆ ఆవకాయ ముక్క ఉండగా పెట్టుకున్న ఒట్టది. తప్పే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?