ఢిల్లీబాబు బిగించిన కంప్యూటరు

నగరి బజారులో మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఆగాల్సిందే. ఢిల్లీబాబు ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే కూర్చుని కంప్యూటర్లు బిగిస్తున్నాడు. నగరి, పుత్తూరు చుట్టుపక్కల మరమగ్గాల ఇళ్లలోనూ, జిరాక్సు అంగళ్లలోనూ ఏ కంప్యూటరు మూత తీసినా లోపల ఆయన చేతిపని కనబడుతుంది. వైర్లు జడ అల్లినట్టు పొందిగ్గా కట్టేసి ఉంటాయి. పనిలో వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కంతా నోటితోనే.

ఎవరైనా మిషన్ చెడిపోయిందని వస్తే చాలు, పెట్టె మొహం కూడా చూడకుండా అనేస్తాడు. "మిషన్‌లో తప్పు లేదప్పా. మీరేందో చేసినారు."

"ఏమీ చెయ్యలేదన్నా."

"చెయ్యకుండానే చెడిపోయిందా? దానికేమన్నా కాళ్లు ఉండాయా, అదే పొయ్యి యాడన్నా పడి వచ్చేదానికి?"

అలా తిట్టి, చివాట్లు పెట్టి, చివరికి బాగు చేసి పంపిస్తాడు. జనం కూడా అలవాటుపడిపోయారు. డాక్టరు సూది పొడిచినట్టు, ఢిల్లీబాబు తిట్టాకే మిషన్ నడుస్తుందనుకుంటారు. ఆయన మాత్రం ఒక్క మాట పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాడు. "నేను బిగించిన మిషన్ ఒక్కటన్నా తిరిగి వచ్చిందేమో అడగండప్పా ఎవుర్నన్నా."

నిజం చెప్పాలంటే ఒకటి తిరిగి రావలసిందే. పదేళ్ల కిందట దేవరాజులు అనే మగ్గం పనివాడు, మగ్గం వదిలిపెట్టి బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి పెట్టుకున్నాడు. ఢిల్లీబాబు బిగించి ఇచ్చిన కంప్యూటరు మూడో రోజునే పొగ చిమ్మి ఆరిపోయింది. మూత తీసి చూస్తే బోర్డు కింద ఒక చిన్న స్క్రూ. బిగించేటప్పుడు ఢిల్లీబాబు చేతిలోంచే జారిపడింది. ఎవరూ చూడకముందే దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "కరెంటు దెబ్బప్పా. స్విచ్చి యెట్లంటే అట్ల వేస్తే ఇంతే. తప్పు నీదే" అనేశాడు. దేవరాజులు ఆ మాట నమ్మి తలొంచుకుని పోయాడు. అంగడి సాగలేదు. ఏడాది తిరక్కుండా మళ్లీ మగ్గం మీదికే చేరాడు. ఆ స్క్రూ మాత్రం ఢిల్లీబాబు సొరుగులో, ఖాళీ విక్స్ డబ్బాలో ఇప్పటికీ ఉంది. ఎందుకు దాచాడో ఆయనకే తెలియదు, పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇదిలా ఉండగా మొన్నామధ్య సిద్ధమ్మ ఇంటి కంప్యూటరు వచ్చి ఆయన మెడకు చుట్టుకుంది.

సిద్ధమ్మ ఇంట్లో ముందు గదిలో నాలుగు మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆమె కూతురు ధరణి కంచిలో ఏడాదిపాటు పని నేర్చుకుని వచ్చి, చీరల అంచులకూ కొంగులకూ కంప్యూటరు మీద డిజైన్లు గీస్తుంది. పాత మిషన్ మీద పని సాగడం లేదని ఢిల్లీబాబు చేత కొత్తది బిగించుకుంది. ఆయన దాన్ని అంగట్లో పూటంతా నడిపి చూసి, తానే మోసుకొచ్చి పెట్టాడు. పోతూ పోతూ గడపలో నిలబడి అందరికీ చెప్పినట్టే చెప్పాడు. "ఇది మగ్గాల ఇల్లు. దుమ్ము పడిందా, నన్నడగొద్దు. నాకు పూచీ లేదు."

నాలుగో రోజే ధరణి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మిషన్ ఈడుస్తా ఉండాది. నేను ఒక గీత గీసినాక అది తెరమీద పడేలోపల అన్నం తిని రావచ్చు."

"మిషన్‌లో తప్పు లేదు పాపా. ఏందో చేసుంటావు. ఉండు, వస్తా ఉండా."

వెళ్లాడు. సిద్ధమ్మ ఎదురొచ్చి కూర్చోబెట్టి, స్టీలు గ్లాసు నిండా కాఫీ ఇచ్చింది. ఆ ఇంట్లో కాఫీ తాగకుండా పనిలో చెయ్యి పెట్టనివ్వరు. తాగి, నాలుగు మాటలు మాట్లాడి, మిషన్ ముందు కూర్చుంటే ఏముంది? గుర్రంలాగా పరిగెత్తుతోంది. "సూసినావా?" అన్నాడు కళ్లెగరేసి. మగ్గాలూ, మిషనూ ఒకే లైను మీద ఉన్నాయి కాబట్టి కరెంటు తగ్గుతోందని తేల్చి, యూపీఎస్ పెట్టించి వెళ్లాడు.

మర్నాడు మళ్లీ అదే పాట. మళ్లీ వస్తున్నానని ఫోన్లో చెప్పి వెళ్లాడు, మళ్లీ కాఫీ, మళ్లీ మిషన్ బుద్ధిమంతురాలు. వేడెక్కుతోందేమోనని చూశాడు, అదీ లేదు. ఈసారి తప్పు ధరణి మీదికి తోశాడు. "ఫోన్లో నుంచి ఏవేవో ఎక్కించినావు, పురుగు పట్టింది" అని ఉన్నదంతా తుడిచిపారేసి మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాడు. ధరణికి ఒక పూట పని పోయింది. పోయిన గీతలన్నీ మళ్లీ గీసుకుంది.

బుధవారం ఆమె ఓపిక అయిపోయింది. "అన్నా, కంచి అంగడోళ్లకి పెండ్లి చీర డిజైను శనివారం ఇయ్యాల. నేను ఇయ్యకుంటే సేలమోళ్లకి పోతాది. శుక్రవారం లోపల ఇది బాగయితే సరి, లేకుంటే నీ మిషన్ నువ్వే తీసుకొనిపో. నేను మద్రాసులో తెప్పించుకుంటా."

ఆ మాట ఢిల్లీబాబుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తిరిగి రావడమా! పెట్టెను అంగడికి తెచ్చి, మూత తీసి ముక్క ముక్కా విప్పాడు. ఒక్కో స్క్రూ లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. బోర్డు కింద వేలు పెట్టి తడిమాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మెమరీ మార్చాడు, డిస్కు మార్చాడు, సాయంత్రం దాకా నడిపాడు. ఎక్కడా తడబడలేదు. తీసుకెళ్లి ఇచ్చేశాడు. గురువారం పదింటికి ధరణి ఫోన్ చేసి, "మళ్లీ అట్లే ఉండాదన్నా" అని ఒక్క మాట అని పెట్టేసింది.

ఆ పూట ఢిల్లీబాబుకు అన్నం సయించలేదు. నా చెయ్యి పోయిందా ఏంది, అనుకున్నాడు. ఇరవై రెండేళ్లలో తన మీద తనకు అనుమానం రావడం అదే మొదలు. శుక్రవారం దాకా ఆగి వీధిలో మాటపడే బదులు ఇప్పుడే పోయి పెట్టె ఎత్తుకొచ్చేద్దామని బయల్దేరాడు. ఆ చిరాకులో ఫోన్ చెయ్యలేదు.

ముందు గదిలో మగ్గాలు దడదడమంటున్నాయి. ఆయన వచ్చినట్టు ఎవరికీ వినబడలేదు. నేరుగా లోపలి గదిలోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ధరణి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెరవంక చూస్తూ కూర్చుంది. ఆమె పక్కన కంప్యూటరు పెట్టె చిలకాకుపచ్చ గుడ్డ కట్టుకుని ఉంది. అడుగున చుట్టూ ముదురెరుపు అరక్కు రంగు అంచు. స్విచ్చి దగ్గర వేలు పట్టేంత కిటికీ, దాని చుట్టూ ఎర్ర దారంతో కాజా కుట్టు. వెనక వైర్లు పోవడానికి ఒక సన్నటి చీలిక. అంతే, మిగతాదంతా చీమ దూరే సందు లేకుండా మూసేసి ఉంది.

ఆయన గుడ్డ మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. దోసె పెనంలా కాలుతోంది.

ఓరి నాయనో, ఇదా సంగతి! లోపలి వేడి బయటికి పోయే దారి లేక, మిషన్ కాలిపోకుండా ఉండటానికి తనను తానే నెమ్మది చేసుకుంటోంది. ఢిల్లీబాబు గది చుట్టూ చూశాడు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, గోడ గడియారానికి ప్లాస్టిక్ కవరు. మగ్గాల ఇంట్లో నూలు పీచు గాలిలో తేలుతూనే ఉంటుంది, దేన్నైనా రెండు రోజులు విడిగా వదిలేస్తే నెరిసిన గడ్డంలా పట్టేస్తుంది. కాబట్టి ఆ ఇళ్లలో కొత్త వస్తువు వచ్చిందంటే ముందు దానికి తొడుగు కుడతారు. ఎవరైనా వస్తున్నారంటే తీసి మడిచి పెడతారు. వచ్చిన మనిషికి వస్తువు కనబడాలి, ముసుగు కాదు. ఆయన ప్రతిసారీ ఫోన్లో చెప్పి వచ్చాడు. ప్రతిసారీ తొడుగు తీశారు. ఆయన కాఫీ తాగేలోపు మిషన్ చల్లబడింది.

ఇరవై రెండేళ్లుగా "మీరేందో చేసినారు" అంటున్న మనిషికి నిజంగా చేసినవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు! సాక్ష్యం కళ్లముందే ఉంది. ఢిల్లీబాబు ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయాడు.

ఈలోపు వెనక నుంచి సిద్ధమ్మ వచ్చింది, చేతిలో దారపు కండెతో, తలనిండా నూలు పీచుతో. "అయ్యో, ఫోన్ చెయ్యకుండా వచ్చినావే నాయనా!" అంటూ గబగబా తొడుగు తీసి భుజాన వేసుకుంది. మళ్లీ ఆగి, దాన్ని విప్పి చూపించింది. "ఎట్లుండాది? మా పాప గీసిన మొట్టమొదటి డిజైను మగ్గం మీద దిగినప్పుడు కోసిన ముక్క ఇది. ఎవురికీ ఇయ్యలేదు. దుమ్ము పడితే పూచీ లేదని నువ్వు చెప్పి పోతివి గదా, అప్పుట్నించీ నాకు ఒకటే భయం. చేత్తోనే కుట్టినా. కండ్లు సరిగ్గా అగపడవు, సూదిలో దారం ఎక్కేదానికే ఒక పూట."

ధరణి తొడుగు వైపు చూసింది, ఢిల్లీబాబు మొహం వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. మొహం తెల్లబోయింది. ఏమీ అనొద్దన్నా అన్నట్టు చూసింది.

ఢిల్లీబాబు చెవిలో తన మాటే మోగింది. దుమ్ము పడితే నన్నడగొద్దు. ఆ మాట తనదే. ఇరవై రెండేళ్లుగా గడపగడపకూ చెబుతున్నాడు. గాలి ఆడాలని మాత్రం ఏ గడపలోనూ చెప్పలేదు. ఎప్పుడూ తనను కాపాడుకునే మాటే చెప్పాడు, మిషన్‌ను కాపాడే మాట చెప్పలేదు. ఆయనకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

"అక్కా," అన్నాడు. "తప్పు నాదే."

ధరణి కుర్చీలో ఇటు తిరిగింది.

"ఈ మిషన్ పని చేసేటప్పుడు దానికి గాలి ఆడాల. ఆ మాట తెచ్చిచ్చినప్పుడే నేను చెప్పాల్సింది, చెప్పలేదు. పాప పనంతా అయినాక, మిషన్ ఆపి, చల్లబడినాక కప్పు. తొడుగు బాగుండాది, సరిగ్గా కొల్తకి కుట్టినావు. పీచు లోపలికి పోకుండా ముందరా వెనకా సన్న జాలీ నేను బిగిస్తా. నెలకొకసారి నేనే వచ్చి దులుపుతా."

"ఇంతేనా! దీనికా నువ్వు ఇన్నిసార్లు తిరిగినావు పాపం," అంది సిద్ధమ్మ. తొడుగు మడిచి బీరువాలో పెట్టి, కాఫీ పెట్టడానికి పోయింది.

ధరణి గొంతు తగ్గించి, "అన్నా, నేనన్నా చెప్పుండాల్సింది. మా ఇంట్లో అన్నిటికీ ఉండేదే గదా అని నాకు తోచనే లేదు," అంది. గీత గీసింది. గీసిన గీత గీసినట్టే తెరమీద పడింది. శుక్రవారం మధ్యాహ్నానికే పెళ్లి చీర డిజైను కంచికి వెళ్లిపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఢిల్లీబాబు జాలీలు బిగించి అంగడికి వచ్చాడు. సొరుగు లాగాడు. విక్స్ డబ్బా తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "తప్పు నాదే" అని ఒక్కసారి అన్నాక మళ్లీ అనడం అంత కష్టమేమీ కాదని తెలిసింది. అంగడి షట్టరు దించి, నడుచుకుంటూ దేవరాజులు ఇంటికి వెళ్లాడు.

దేవరాజులు మగ్గం ముందు ఉన్నాడు. తలంతా నెరిసింది. ఢిల్లీబాబును చూసి తల ఊపాడే గాని మగ్గం ఆపలేదు. ఢిల్లీబాబు ఆ చప్పుడులోనే చెప్పేశాడు, మొత్తం, స్క్రూ సంగతితో సహా. దేవరాజులు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినబడలేదన్నట్టు చూశాడు. లేచి మగ్గం ఆపాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. లోపల్నుంచి ఆడవాళ్లు తొంగిచూశారు.

"ఏమంటివి?"

ఢిల్లీబాబు డబ్బా మూత తీసి స్క్రూను ఆయన అరచేతిలో పెట్టాడు. "నీ మిషన్ పొయ్యింది దీనివల్లప్పా. నేనే జారవిడిచినా. సూసినాక కూడా నీ మీదికి తోసినా. తప్పు నాదే."

దేవరాజులు స్క్రూను వేలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాడు ఢిల్లీబాబు. దేవరాజులు తిట్టలేదు.

"నా చెయ్యి మంచిది కాదనుకున్నానప్పా," అన్నాడు. "ఈ పదేండ్లలో మా ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా, స్విచ్చి మా ఆడోళ్లే వేస్తారు."