అమావాస్య పోయేదాకా ఆగిన సంతకాలు

ధర్మవరంలో యమున కాలు ఊరుకోదని ఆమెను ఎరిగినవాళ్లంతా చెబుతారు. ఇరవై ఏళ్లు మగ్గం తొక్కిన కాలు మరి. కుర్చీలో కూర్చున్నా కింద ఏదో తొక్కుతూనే ఉంటుంది. అరవై మంది నేత ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆ సంఘం ఉండబట్టే వాళ్లు పట్టునూలు కోసం సావుకారు గడప తొక్కకుండా బతుకుతున్నారు.

చట్టం మారింది. పాత నియమావళి మార్చుకుని, నలభై మంది ఒకే సభలో సంతకం పెడితేనే సర్కారు సాయం. లేకపోతే మళ్లీ సావుకారు గడపే. గడువు సభ రోజు సాయంత్రమే. సీలు వేయడానికి పెనుకొండ సర్కారు ఆఫీసు నుంచి వేణుమాధవ్ సారు వచ్చాడు. మరుసటి రోజు నుంచి ఆయనకు అగళి వైపు డ్యూటీ. ఈరోజు దాటితే ఇక దొరకడు.

మిగతా రోజుల్లో మగ్గం దిగి ఎవరూ రారు కదా అని యమున సభను అమావాస్య నాడు పెట్టింది. అమావాస్యకు మగ్గాలకు సెలవు. ఆమె లెక్క తప్పలేదు, నలభై ఒక్కమంది వచ్చారు. కానీ కాగితం ముందుకు జరిపేసరికి ఒక్కరూ పెన్ను ముట్టలేదు.

అందరికంటే పెద్దదైన రామక్క బుగ్గ నొక్కుకుంది. "ఏమ్మే యమునా, అమావాస్య పూట కొత్త కాగితం మీద చేవ్రాలు పెట్టమంటాండావా? యాడికి పోయింది నీ బుద్ధి?"

"కొత్త సంఘం కాదు అవ్వా. సంఘం మన పాతదే, చట్టమే కొత్తది."

"కొత్త అనే మాట నీ నోట్లోనే ఉండాది గదే!"

గోడ మీది క్యాలెండరు చూస్తే అమావాస్య మూడూ యాభై అయిదుకు పోతుంది. సారు ఎక్కాల్సిన హిందూపురం రైలు నాలుగింటికి. సగం మంది అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేవాళ్లే. అయిదు నిమిషాల్లో నలభై సంతకాలు ఎట్లా అవుతాయి?

అందుకే యమున సారును కదలనివ్వకూడదనుకుంది. ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టింది. నెయ్యి పోసింది. కాఫీ ఇచ్చింది. ఆయన తింటూనే ఉన్నాడు, నిమిషానికోసారి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఆయన మణికట్టు తిప్పినప్పుడల్లా యమున లేచి నిలబడేది. గుమ్మం దాకా పోయేది, వచ్చేది, మళ్లీ పోయేది.

"కూసోవే, నిన్ను చూస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి," అంది రామక్క.

మూడూ ఇరవై అయ్యేసరికి యమున ఇక ఆగలేకపోయింది. పెన్ను తీసుకుని మొదటి గళ్లో సంతకం గీకేసింది. "వచ్చే కీడేదో నాకే రానీ!" అంది. ఆడవాళ్లంతా అయ్యయ్యో అన్నారు. ఆమె వినలేదు, కాగితం సారు ముందు పెట్టింది.

"నాది అయింది సార్. మీరు సీలు వేస్తే వీళ్లకూ ధైర్యం వస్తాది."

వేణుమాధవ్ సారు సీలు పెట్టెను చటుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు. "మూడూ యాభై అయిదు కానీమ్మా. పోయినేడు అమావాస్య నాడు మోటారుసైకిలు కొన్యా. వారం తిరక్కుండానే వంక నీళ్లలో పడితి."

"మరి మీ రైలు?"

"రైలు పోతే బస్సు ల్యాదా?"

"అయితే ఊరికూరికే గడియారం ఎందుకు చూస్తాంటిరి?"

"అమావాస్య ఎప్పుడు పోతాదా అని!"

రామక్క పగలబడి నవ్వింది. "సర్కారోళ్లకూ మన మాదిరే భయాలుండాయే!"

అమావాస్య పోయింది. వరసగా కూర్చుని రాశారు. రైలు కూత వినబడినా ఎవరూ తల ఎత్తలేదు. నలభై ఒకటో సంతకం రామక్కది, పళ్లు బిగబట్టి రాసింది. సీలు పడింది. యమున భర్త హనుమప్ప సారును బండి మీద బస్టాండులో దింపి వచ్చాడు.

కానీ యమున సంతకం ఒక్కటే అమావాస్యది. కొట్టేసి మళ్లీ రాస్తే కాగితం చెల్లదన్నాడు సారు. ఆ తర్వాత రెండు నెలలు ఆమెకు నిద్ర లేదు. పోగు తెగితే అమావాస్యే, పక్కింటి మేక దగ్గితే అమావాస్యే.

ఒక శుక్రవారం పొద్దున పెనుకొండ నుంచి కవరు వచ్చింది. సాయం మంజూరైందట, అధ్యక్షురాలు వచ్చి సంతకం చేయాలట. యమున అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

రామక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "యాడికే పోతాండావు? పదిన్నర దాటె, రాహుకాలం. పన్నెండు కొట్టనీ."

యమున చెప్పులు విడవకుండానే గడప మీద కూలబడింది. చెప్పుతో సహా కాలు తొక్కడం మొదలుపెట్టింది.