దేవిశ్రీ గారి పాడైన మైకు

దేవిశ్రీ గారి చేతిలో మైకు ఎప్పుడూ పాడైపోతుంది. ముప్పై ఏళ్ళుగా తెర మీద వార్తలు చదువుతూ, వీధుల్లో జనాన్ని మాట్లాడిస్తున్న మనిషి. చానళ్ళు మారాయి, చీరల ఫ్యాషన్లు మారాయి, ఆఫీసు మాదాపూర్‌కు మారింది. మైకు మాత్రం బాగుపడలేదు.

ఎవరి ముందైనా నిలబడగానే దాన్ని వేలితో టక్ టక్‌మని తట్టి, "అయ్యో, మళ్ళ పోయింది! బాగు చేసేదాక జర ఊకె మాట్లాడుకుందాం" అంటారు.

మా సౌండ్ మనిషి సాయిచంద్‌కు ఒళ్ళు మండేది.

"నిన్ననే కొత్తది తెచ్చిన మేడం!"

"కొత్తవే తొందరగ పోతయి నాయనా."

చందానగర్ మార్కెట్లో పోయింది. నిజాంపేటలో హాస్టల్ పిల్లల ముందు పోయింది. ఒకసారి ఓ మంత్రిగారు, "మైకు చూసుకోండమ్మా" అన్నారు. "మీ ముందు దివ్యంగా పనిచేస్తుందండీ. మీరే చూసి మాట్లాడండి" అన్నారీవిడ.

ఆవిడకు స్క్రిప్టులు రాసే నేను ఈ తేడా పట్టుకోవడానికి ఖాజాగూడ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

అక్కడో అద్దాల టవర్. అందులో బాత్రూములు కడిగే ఆడవాళ్ళు వాటిని వాడకూడదట. వాళ్ళ కోసమని కింద కట్టిన ఒక్కదానికీ తాళం. ఎవరో ఒకరు కెమెరా ముందు చెబితేనే వార్త వేస్తామన్నాడు ప్రొడ్యూసర్. "పని పోతే పోనీ, నేను చెప్త" అని ముందుకొచ్చిన రాజమ్మ, తీరా కెమెరాను చూసి బిగుసుకుపోయింది.

"నా పేరు... నా పేరు..."

టక్ టక్. "అయ్యో, మళ్ళ పోయింది! పోనీ తియ్యి. పొద్దుగాల ఏం తిన్నవ్ రాజమ్మా?"

"ఏం తింటనమ్మా! తింటే నీళ్ళు తాగాలె. తాగితే ఏడికి పోవాలె? పన్నెండు అంతస్తులు కడుగుతం. మేం పోదామంటే తాళం! అది తియ్యుండ్రి చాలు, ఇంకేం వద్దు."

దేవిశ్రీ గారు కెమెరా తెర ఆమె వైపు తిప్పి చూపించారు. "అంతా వచ్చింది. వెయ్యమంటవా, తీసెయ్యమంటవా?"

రాజమ్మ తనను తాను చూసుకుని కొంగు సర్దుకుంది. "వెయ్యమ్మా. గా తాళం మాట జర గట్టిగ వినిపించాలె."

తరవాత, స్తంభం వెనక నక్కిన తోటి పనామెను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "రావే నీలమ్మా, భయమేంది?" అంటూ మైకును తనే టక్ టక్‌మని తట్టింది. "అయ్యో, మళ్ళ పోయింది! గదే కద తమ్మీ?"

సాయిచంద్ తన కొత్త మైకు వంక చూశాడు.

"అవునక్కా. పోయింది."

ఆ ఆడవాళ్ళిద్దరూ చూసి సరేనన్న మాటలే సాయంత్రం వార్తల్లో వచ్చాయి. వారం తిరక్కుండా తాళం తీశారు. రాజమ్మ పనీ నిలిచింది.

మైకు మాత్రం ఇంకా బాగుకాలేదు.