కూర్చోకూడని కొలువు

కర్నూలులో ఒక పెద్ద చీరల షోరూంలో నేను ఏడేళ్ళు పనిచేశాను. చివరి కొన్నాళ్ళు తప్పిస్తే, ఆ ఏడేళ్ళలో కౌంటరు వెనక ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఈ మాట చెబితే చాలామంది నేను పెంచి చెబుతున్నాననుకుంటారు. పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడితే రాత్రి ఎనిమిదిన్నరకు షట్టరు దించేదాకా నిలబడే ఉండాలి. మధ్యలో భోజనానికి అరగంట. కస్టమర్లు లేకపోయినా, ఆషాఢంలో మెట్ల మీద మనిషి జాడ లేని మధ్యాహ్నాల్లో కూడా, నిలబడే ఉండాలి. గోడకు ఆనుకున్నా సరే, పైనుంచి కెమెరాలో చూసి ఫోన్ చేసేవాళ్ళు.

నేను పుట్టింది మగ్గాల ఇంట్లో. మా నాయన గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడు, మా అమ్మ నేల మీద కూర్చుని కండెలు చుట్టేది. అదీ కష్టమైన పనే. కానీ నడుము నొప్పెడితే లేచి నిలబడేవాళ్ళు, కాళ్ళు లాగితే కూర్చునేవాళ్ళు. ఏది ఎప్పుడు చెయ్యాలో చెప్పేవాడు లేడు. పెళ్ళయి కర్నూలు వచ్చి, పాప బడికి పోవడం మొదలయ్యాక నేను ఆ షోరూంలో చేరాను. చీర చేత్తో పట్టుకుంటే చాలు, నూలు ఎలాంటిదో జరీ ఎలాంటిదో చెప్పగలను. అందుకని రెండో రోజే మొదటి అంతస్తులో పట్టు చీరల దగ్గర వేశారు.

అక్కడ నా పక్క కౌంటరులో ఒకావిడ ఉండేది. నంద్యాల దగ్గరి పల్లె మనిషి. యాభై దగ్గర పడుతున్న వయసు. మా అందరికంటే పాతది కాబట్టి అందరమూ అక్కా అనే పిలిచేవాళ్ళం. నాకు ఆమె నేర్పిన మొదటి పాఠం చీరల గురించి కాదు.

"నీళ్ళు తక్కువ తాగు పాపా," అంది.

ఎందుకో ఆ రోజే తెలిసింది. ఆడవాళ్ళ బాత్రూం నాలుగో అంతస్తులో, గోడౌను వెనకాల ఉండేది. మా అంతస్తులో ఒకటి ఉంది గానీ అది కస్టమర్లకు. లిఫ్టూ కస్టమర్లకే. పోవాలంటే ఫ్లోర్ మేనేజరును అడగాలి. ఆయన చేతి గడియారం చూసి, "ఇప్పుడే పోయొచ్చినావు కదమ్మా?" అనేవాడు, అందరూ వింటుండగానే. మే నెలలో కర్నూలు ఎండకు తారు రోడ్డు మెత్తబడుతుంటే, మేము గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని నాలుక తడుపుకునేవాళ్ళం. మాలో మూత్రం మంట రాని ఆడమనిషి లేదు. దాన్ని ఒంట్లో వేడి అని చెప్పుకునేవాళ్ళం.

అక్క ఎండాకాలంలో కూడా మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకునేది. భోజనాల దగ్గర వాటిని కిందికి లాగితే చూశాను. పిక్కల మీద నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయి. చీలమండ దగ్గర చర్మం నల్లబడి పలచబడింది.

"డాక్టరుకు చూపించలేదా?"

"చూపిచ్చినా. నిలబడొద్దన్న్యాడు. నిలబడకుంటే ఈడ ఉద్యోగం యాడిది?" అని నవ్వి మేజోడు పైకి లాగేసింది.

ఆమెకు ఆదివారం సెలవు ఎప్పుడూ దొరకలేదు. ఆదివారం వ్యాపారం ఎక్కువ, మా వారపు సెలవులన్నీ మామూలు రోజుల్లోనే. అందుకని ఆదివారం తెల్లవారి ఏడు గంటల ప్రార్థనకు చర్చికి పోయి, అటునుంచి అటే పనికి వచ్చేది. వారంలో తనకోసం ఉన్నది ఆ ఒక్క గంటే అని చెప్పేది.

ఆ గంట కూడా పోయింది. అది పోయింది మా ఆరోగ్యం కోసం.

యజమాని కొడుకు బెంగళూరులో చదువుకుని వచ్చి వ్యాపారం చూసుకోవడం మొదలుపెట్టాడు. మేము చిన్నసారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు, గట్టిగా కసిరింది కూడా లేదు. వచ్చిన రెండు నెలలకు మెట్ల దగ్గర ఒక బ్యానరు కట్టించాడు. 'మా సిబ్బంది ఆరోగ్యమే మా సంపద' అని. ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మిద్దె మీద యోగా. అందరూ రావాలి, హాజరు వేస్తారు.

అక్క వెళ్ళి అడిగింది. "సార్, ఆదివారం పొద్దున మాకు ప్రార్థన ఉంటాది. నన్నొక్కదాన్ని వదిలేయండి సార్."

"యోగా కూడా ప్రార్థన లాంటిదే కదక్కా," అన్నాడు చిన్నసారు చిరునవ్వుతో.

ముందురోజు పదకొండు గంటలు నిలబడి, తెల్లవారుజామునే వంట చేసి పెట్టి, మిద్దె ఎక్కాం. యోగా నేర్పేటాయన మొదట వేయించిన ఆసనం ఏమిటో చెప్పనా? నిలబడడం! కాళ్ళు దగ్గరపెట్టి, చేతులు పైకెత్తి, కదలకుండా నిలబడడం. మా వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఆరోగ్య వారోత్సవం అన్నారు. ఆ వారంలోనే మా పాప బడిలో తల్లిదండ్రుల సమావేశం. రెండు గంటలు పర్మిషను అడిగితే మేనేజరు కుదరదన్నాడు. ఆ రోజు సిబ్బంది అందరితో గ్రూపు ఫోటో ఉందట, ఆరోగ్య వారోత్సవానికి. బడికి మా ఆయన పోయాడు. ఇంటికి పోగానే పాప, "మా టీచరు మీ అమ్మ ఎప్పుడూ రాదా అని అడిగిందిమా," అంది. ఆ ఫోటోలో నేను రెండో వరుసలో ఉన్నాను. ఇప్పటికీ దాన్ని చూడలేను.

వారోత్సవం చివరి రోజు వైద్య శిబిరం పెట్టారు. ఒక డాక్టరమ్మ వచ్చింది. మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. రోజుకు ఎన్ని గంటలు నిలబడతారని ఆమె అడిగితే ముందు పోయినవాళ్ళు అటూ ఇటూ చూసి ఏదో నసిగారు. అక్క మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, అక్క కాళ్ళు చూసి, చిన్నసారును పిలిపించింది.

"వీళ్ళందరికీ ఒకటే మందు. గంటకోసారి కూర్చోనివ్వండి, నీళ్ళు తాగనివ్వండి. ఈమెకు మాత్రం నిలబడే పని మాన్పించండి."

"తప్పకుండా మేడం," అన్నాడాయన.

మర్నాడు మా అందరికీ తలా ఒక క్యాల్షియం మాత్రల డబ్బా, షోరూం పేరు అచ్చేసిన నీళ్ళ సీసా ఇచ్చారు. సీసా ఇచ్చారు గానీ నాలుగో అంతస్తు బాత్రూం కిందికి దిగి రాలేదు. స్టూలు సంగతి నేనే మేనేజరును అడిగాను.

"కస్టమరు మెట్లెక్కి వస్తాంటే నువ్వు కూచోని కనపడితే ఏం మర్యాదమ్మా అది? వాళ్ళకు అవమానం కాదా?" అన్నాడు.

శ్రావణమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ రద్దీ. ఒకరోజు మధ్యాహ్నం పత్తికొండ వైపు నుంచి పెళ్ళివారు వచ్చారు. టమాటా పండించే రైతు కుటుంబం. పెళ్ళికూతురి జేజి, అంటే నాయనమ్మ, సోఫాలో కూర్చుని ఒక్కో చీరనూ పట్టుకుని చూస్తోంది. అక్క ఆమె ముందుకు వచ్చి, చీరలు విప్పి భుజాన వేసుకుని చూపిస్తోంది. గంట పైనే అయింది. ఉన్నట్టుండి ఆ జేజి చీర వదిలేసి నేల వైపు చూసింది.

"అమ్మా, నీ కాలికేమో అయినట్టుండాది సూడు!"

అక్క కిందికి చూసింది. మేజోడు తడిసిపోయి ఉంది. తెల్లటి టైల్స్ మీద నెత్తురు. ఉబ్బిన నరం పగిలి సన్నని ధారగా చిమ్ముతోంది. "నొప్పేమీ లేదే," అంది అక్క అయోమయంగా. ఆమె ముఖం పాలిపోయింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది.

"చీరలు! ముందు ఆ చీరలు తీయండి పక్కకు!"

ఇరవై ఏళ్ళు ఆ షాపు కోసం నిలబడిన మనిషి కాలి నుంచి నెత్తురు కారుతుంటే, అతని కళ్ళకు ముందుగా ఆనింది చీరలు. అతనొక్కడే అయితే నేను తట్టుకునేదాన్నేమో. నా చేతులు కూడా అలవాటు కొద్దీ ఒక చీర అంచును పక్కకు లాగాయి. అందుకు నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

లేచింది ఆ జేజి.

"ఏమప్పా, నీకు బుద్ధుండాదా? చీరల సంగతి తర్వాత సూద్దువు గానీ, ముందు ఆ యమ్మను పండబెట్టు!" అని అరిచి, అక్కను తన సోఫాలోనే పడుకోబెట్టింది. కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని, మనవడి భుజం మీది తువ్వాలు లాక్కుని గట్టిగా అదిమి పట్టింది. నెత్తురు ఆగేదాకా కదల్లేదు. తర్వాత మా అందరి వైపూ తిరిగింది.

"మా తోటలో గంపలు మోసే ఆడోళ్ళు గూడా కాసేపు పనిజేసి గట్టు మీద కూచుంటారు. ఇంత పెద్ద అంగట్లో మీకు కూచునేకి తావు లేదా?"

ఆటోలో అక్కను ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. కట్టు కట్టి, ఆపరేషను చెయ్యాలి, కొన్ని నెలలు నిలబడకూడదు అన్నారు. మంచం మీద పడుకుని అక్క నా చెయ్యి పట్టుకుంది. ఏదో ధైర్యం చెప్పాలని వంగాను.

"పాపా, ఈ ఆదివారం యోగాకి రాలేనని సార్‌కు నువ్వన్నా చెప్పు. హాజరు పోతాదేమో," అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఏడేళ్ళుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది.

మర్నాడు పొద్దున షోరూంలో దీపం పెట్టి హారతి ఇచ్చాక, మా అంతస్తు ఆడవాళ్ళతో, "నేను ఈ రోజు కూచుంటాండా. మీ ఇష్టం," అని చెప్పి కౌంటరు వెనక నేల మీద కూర్చున్నాను. కాసేపటికి అవతలి పక్క కౌంటరు అమ్మాయి కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. మొత్తం ఎనిమిది మందిమీ కూర్చున్నాం. మేనేజరు అరిచాడు. లేవలేదు. చిన్నసారు వచ్చాడు.

"ఇది పద్ధతేనా? మీకోసం నేనెంత చేస్తున్నాను!" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే నన్ను ఇంకా మండించింది.

"శానా చేసినారు సార్. మేము అడిగినేది తప్ప," అన్నాను.

చివరికి పెద్దసారు, చిన్నసారు తండ్రి, మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. కస్టమర్లకు అవమానం అన్న పాత మాటే ఎత్తాడు. నిన్నటి పెళ్ళివాళ్ళ జేజి ఏమందో చెప్పాను. ఆపైన నోరు ఆగలేదు.

"సార్, ఈ షోరూం కట్టకముందు పాత బస్తీ అంగట్లో మీరు చీరలమ్మింది ఎట్ల? పరుపు మీద కూచోని కదా? వచ్చినోళ్ళు గూడా మీ ఎదురుగానే కూచునేవాళ్ళు కదా? ఆ పొద్దు ఎవురికి అవమానం అయింది సార్?"

ఆయన మేము కూర్చున్న నేల వైపు చూసి, కొడుకును వెంటబెట్టుకుని దిగిపోయాడు.

నాలుగు రోజులకు పది స్టూళ్ళు వచ్చాయి. కస్టమరు లేనప్పుడు మాత్రమే కూర్చోవాలని షరతు. మా అంతస్తు బాత్రూం మాకూ తెరిచారు. యోగా దానంతటదే ఆగిపోయింది. గెలిచామనే అనుకున్నాం. వారం తిరక్కుండా ఫేస్‌బుక్‌లో ఫోటో వచ్చింది. కొత్త స్టూళ్ళ పక్కన చిన్నసారు, కింద సిబ్బంది సంక్షేమం కోసం మా మరో ముందడుగు అన్న రాత. పగిలిన ఆ నరం గురించి ఒక్క ముక్క లేదు.

అక్కను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. చీరలకు ఫాల్స్ కుట్టే గది ఉంది, అక్కడ అందరూ కూర్చునే పనిచేస్తారు, అక్కడ వెయ్యమని అడిగాం. ఖాళీ లేదన్నారు. నెల తర్వాత అందులోకి కొత్తమనిషిని తీసుకున్నారు. "అక్క ఆరోగ్యం కోసమేనమ్మా, ఆమెకు విశ్రాంతి కావాలి కదా," అన్నాడు చిన్నసారు. ఆమె ఇప్పుడు నంద్యాల దగ్గర కూతురింట్లో ఉంటోంది. ఆపరేషను అయింది, నడుస్తోంది. ఆదివారం పూట చర్చి నుంచి వచ్చాక నాకు ఫోన్ చేస్తుంది. ఆ షోరూం మీద ఆమెకు కోపం లేదట. ఆమె వంతు కోపం కూడా నేనే పడుతున్నాను.

మా ఆయనకు కడపలో పని దొరకడంతో మేము అక్కడికి మారాం. ఒక చిన్న చీరల అంగట్లో ఐదుగురు ఆడవాళ్ళ మీద నన్ను పెద్దదానిగా పెట్టుకుంటామన్నారు. యజమాని ఒక ముస్లిం పెద్దాయన. చేరే ముందు నా షరతులు చెప్పాను. మనిషికో స్టూలు, కస్టమరు ఉన్నా లేకపోయినా. బాత్రూముకు ఎవరినీ అడగక్కర్లేదు. పిల్లల బడికో ఆసుపత్రికో నెలకొక పూట. వారపు సెలవు ఏ రోజన్నది ఎవరికి వాళ్ళు చెప్పుకుంటారు. పేచీ పెడతాడని, ఎదురు చెప్పడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళాను.

ఆయన చివరిదాకా విని, "ఇంతేనామ్మా?" అన్నాడు.

సంతోషించాల్సిన మాట. కానీ ఇంటికొచ్చే దారి పొడుగునా నాకు కోపం తగ్గలేదు. ఇంతే. నిజంగా ఇంతే. ఈ కాస్త ఇవ్వడానికి ఆ పెద్ద షోరూంకు ఒక మనిషి నెత్తురు నేల మీద కనబడాల్సి వచ్చింది.