గడప దాటని పార్సిళ్లు

లింగవ్వ తన కోడలి పార్సిళ్లు అమ్ముకున్నదట. మనుమరాలి కోసమని కోడలు ఫోన్ల తెప్పించిన సామానంతా పక్కింటి జలీల్ దుకాణంల పెట్టించి, వచ్చినకాడికి అమ్మి, కొంగున ముడేసుకున్నదట. బోధన్ రాకాసిపేటల పొద్దుగాల నల్లాకాడ పుట్టిన ఈ మాట, నీళ్లు బందయ్యే యాళ్లకు సగం ఊరు తిరిగొచ్చింది. చెప్పినోళ్లల్ల ఒక్కరు గూడ ఆ దుకాణంల అడుగుపెట్టి చూసినోళ్లు లేరు. "ఆడపిల్ల పుట్టిందని కడుపుమంట" అని ఒకామె తోక గూడ తగిలించింది. ఆ తోక తగిలించినామె ఇంట్ల మనుమరాలు పుట్టిననాడు, మిఠాయి సంగతి దేవుడెరుగు, ఎవరి నోట్లె చక్కెర పలుకు పడలేదు. అసొంటి నోళ్లు లింగవ్వను బద్నాం చేసినయి.

జరిగిందేందో చెప్పాలంటే ముందు లింగవ్వ ఎవరో తెలువాలె. పుట్టింది వర్ని దిక్కు. బోధన్ లింబయ్యకిచ్చి చేసిండ్రు. లింబయ్య చక్కెర ఫ్యాక్టరీల పనిచేసెటోడు. సీజన్ నడిచినన్ని దినాలు ఆయన అంగీ ఎన్ని నీళ్లల్ల జాడిచ్చినా చెరుకు మడ్డి వాసన పోయేది కాదు. ఫ్యాక్టరీ మూతపడ్డంక ఆ మనిషికి ఏ పనీ ఒంటవట్టలేదు. చాయ్ హోటల్ కాడ కూసుండి కూసుండి, ఒకనాడు ఇంటికొచ్చి పండుకొని లేవలేదు. లింగవ్వ ఏడ్చింది, దినాలు చేసింది, మళ్లా బీడీల చాట ఒళ్లె పెట్టుకున్నది. తునికాకు కత్తిరించుకుంటనే కొడుకు వేణును చదివిచ్చింది. వేణు ఇప్పుడు మోటర్లు రిపేరు చేస్తడు. వేల్పూర్ల పసుపు పండించే రామ్‌దాస్ బిడ్డ సుకన్యను చేసుకున్నడు. సుకన్య ఇక్కడనే ఒక ప్రైవేటు బడిల పాఠాలు చెప్తది.

లింగవ్వకు ఒక్కటే చెడ్డ గుణం. కోపమొస్తే నోరు మూస్తది. పక్కింటి ఖైరున్నిసాకు కోపమొస్తే గల్లీ చివర కోళ్లు గూడ లేస్తయి. ఖైరున్నిసా మొగుడే ఈ జలీల్. దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టిచ్చి, ఇంటి ముందర దుకాణంల అమ్ముతడు. తలకింది మెత్తలు, దోమతెరలు గూడ పెట్టిండు. రెండిండ్ల నడుమ ఒక్కటే గోడ. లింగవ్వ నోరు మూస్తే గోడ అవతల ఖైరున్నిసాకు నిద్ర పట్టదు, లోపల ఏం ఉడుకుతున్నదో తెలిసేదాక.

సుకన్య తొలిచూలు కాన్పుకు పుట్టింటికి, వేల్పూర్‌కు పోయింది. ఇక్కడున్నన్ని దినాల లెక్కనే, పోయినంక గూడ మనసంతా పుట్టబోయే పిల్ల సామానుమీదనే. ఫోన్ల చూసుడు, వీడియోలు చూసుడు, తన తోటి టీచరు రమ్యను అడుగుడు, బోధన్ ఇంటి పేరుమీద తెప్పించుడు. ఎట్లయినా పిల్లతోని ఇక్కడికే రావాలె గద అని. పార్సిల్ బండి వచ్చుడు, లింగవ్వ చాట పక్కకు పెట్టి లేచుడు. తీసుకున్నదాన్ని గడప లోపలికి తేకుంట, అటునుంచి అటే ఖైరున్నిసా ఇంటికి మోసుకపోవుడు.

"ఖైరూ, ఇది జర నీ ఇంట్ల పెట్టు."

"ఏముంది లింగక్క ఇందుల?"

"ఏమో. నా కోడలి ఫోన్‌కు తెలుసు."

ఖైరున్నిసా కోడలు సుమేరా డబ్బామీది అక్షరాలు చదివి చెప్తుంటే ఇద్దరు ముసలోళ్లు చెవులు నిక్కబొడుచుకొని వినేటోళ్లు. ఒకసారి బొటనవేలంత బూట్లు వచ్చినయి. "మెడ నిలువక ముందే బూట్లు! ఏ బజారుకు పోతదమ్మా పిల్ల?" అన్నది లింగవ్వ. ఇంకోసారి పిల్లను నిలబెట్టి నడిపించే చక్రాల బండి. ఇంకో దినం ఒక తెల్లడబ్బా. సుమేరా మూడుసార్లు చదివింది. పిల్ల ముడ్డి తుడిచే తడి కాగితాలను వెచ్చగ చేసే మిషనట.

"తౌబా తౌబా!" అన్నది ఖైరున్నిసా. "మా ఆయన చలిల స్నానానికి నీళ్లు కాగవెట్టుమంటెనే నేను లేస్తలేను. ముడ్డికి కాగితం కాగవెడ్తరా?"

లింగవ్వ నవ్వి నవ్వి కండ్ల నీళ్లు తుడుచుకున్నది. నవ్వు ఆగినంక మాత్రం మొకం ముడుచుకున్నది. "పాత నూలుచీరె చింపితె నాలుగు పొత్తిగుడ్డలైతయి. మెత్తటి బొంత ఒకటి. ఒంటికి పలుచటి అంగీలు. ఇంకేం కావాలె?" అని తనల తనే గొణిగింది.

ఆ వచ్చినవాటిల ఇద్దరికీ నచ్చింది ఒక్కటే. మడిస్తే మూకుడంత అయ్యి, ఇప్పితే పిల్లమీద గొడుగులెక్క నిలబడే దోమతెర, దానిమీద గులాబీరంగు కుందేళ్లు. బోధన్ దోమల సంగతి తెలిసినోళ్లెవరూ దానికి వంక పెట్టరు.

ఇంతకూ ఆ సామాను సొంతింట్లె ఎందుకు పెట్టుకోలేదంటే, దానికో కథున్నది. ఖైరున్నిసాకు ఎరుకే. వేణుకంటే ముందు లింగవ్వకు ఒక కాన్పయింది. ఏడో నెలల్నే లింబయ్య సంబురంగ నిజామాబాద్ పోయి పిల్లను ఊపనీకి కొయ్య తొట్టెల తెచ్చి నట్టింట్ల పెట్టిండు. అత్త వద్దన్నది, పుట్టకముందే పిల్ల సామాను గడప దాటియ్యద్దన్నది. లింబయ్య నవ్విండు. పిల్ల దక్కలేదు. లింగవ్వ పచ్చిబాలింత ఒంటితోనే గొడ్డలి పట్టి ఆ తొట్టెలను పొయ్యిల పెట్టింది. వేణు పుట్టినప్పుడు ఇంట్ల ఒక్క కొత్త పోగు లేదు. లింబయ్య పాత ధోతి వాసానికి కట్టి అండ్లనే ఊపింది.

"మీ ఇంట్లైతే ఈ పట్టింపు లేదు గద ఖైరూ" అన్నది లింగవ్వ, మొదటి డబ్బా తెచ్చిననాడు.

"మా ఇంట్ల ఎలుకలున్నయి, పందికొక్కులున్నయి. పట్టింపు ఒక్కటే లేదు. పెట్టు" అన్నది ఖైరున్నిసా.

అట్ల దుకాణం వెనుక, దూది బస్తాల పక్కన చేరినయి సుకన్య పార్సిళ్లు. సుకన్య ఫోన్ చేసి అడిగితే లింగవ్వ ఒక్కటే మాట: "ముట్టినయి బిడ్డా, పైలంగ ఉన్నయి." అబద్ధమేమన్న చెప్పిందా? ముట్టినయి. పైలంగనే ఉన్నయి.

సుకన్యకు ఆడపిల్ల పుట్టింది. లింగవ్వ గల్లీ గల్లీ తిరిగి పేడాలు పంచింది. ఆ పేడాలు తిన్న నోర్లే తర్వాత ఆ మాటలన్నయి, గదే ఒళ్లు మండిచ్చేది. వేల్పూర్ పోయి పిల్లను చూసొచ్చింది. వచ్చినంక ఖైరున్నిసా అన్నది, "పిల్ల పుట్టె, మంచిగున్నది. ఇగ గడప భయమేంది? సామాను తీస్కపో లింగక్క."

"రేపు తీస్కపోత" అన్నది లింగవ్వ. మళ్లా అడిగితే మళ్లా రేపే. ఖైరున్నిసాకు అప్పుడే ఏదో కుచ్చుకున్నది. కని లింగవ్వ మొకం జూసి ఊకున్నది.

ఆ రేపుల నడుమనే మోసమైంది. వేల్పూర్‌కే చెందిన మార్కండేయ పరుపు కొందామని జలీల్ దుకాణానికొచ్చిండు. బస్తాల కాడ మెత్తలు ఎంచుకుంట ఎంచుకుంట కుందేళ్ల దోమతెరను చూసిండు. "మా పక్కింటి రామ్‌దాస్ బిడ్డకు పిల్ల పుట్టింది, బాగుంటది, ఇదిగూడ కట్టు" అన్నడు. జలీల్ కట్టిండు.

సాయంత్రం ఖైరున్నిసాకు తెలిసింది. గల్లీ చివర కోళ్లు లేచినయి.

"ఇన్నేండ్లు దుకాణం నడిపితివి, నీ సామానేదో పరాయి సామానేదో తెలువదా నీకు?"

"దోమతెరలు అమ్మే దుకాణంల దోమతెర ఉంటే నేనేమనుకోవాలె, బేగం?"

"కుందేళ్లవి ఎన్నడన్న తెచ్చినవా నువ్వు? అన్నిటిల పనికొచ్చేది గదొక్కటే ఉండె. గదే అమ్మినవ్!"

జలీల్ తలపట్టుకున్నడు. లింగవ్వకు చెప్తే ఆమె జలీల్‌ను ఒక్క మాటనలేదు. "పోనీ భాయ్, పిల్ల దగ్గరికే పోయింది గద" అన్నది.

నిజంగనే పిల్ల దగ్గరికే పోయింది. మార్కండేయ సంబురంగ తెచ్చిచ్చిన సంచిని సుకన్య ఇప్పి చూస్తే, సంచి అడుగున తన పేరే అతికి ఉన్నది. తన పేరు, వేణు పేరు, బోధన్ ఇంటి అడ్రసు. తను ఏరికోరి తెప్పించుకున్న దోమతెర తనకే కానుకగ వచ్చింది.

"ఎక్కడ కొన్నవ్ తాతా?"

"బోధన్ల. జలీల్ దుకాణంల" అన్నడు ఆయన, పాపం, మెచ్చుకుంటదేమోనని.

సుకన్య అప్పటికప్పుడే అత్తకు ఫోన్ చేసింది. "అత్తమ్మ, నా సామాన్లు ఎక్కడున్నయి?"

"పైలంగ ఉన్నయి బిడ్డా."

"మరి దోమతెర?"

లింగవ్వ ఫోన్ పెట్టేసింది. అదే ఆమె చెడ్డ గుణం. అప్పుడే నాలుగు ముక్కలు చెప్తే అయిపోయేది. చెప్పలేదు. వేణు అడిగితే అతనికీ చెప్పలేదు. సుకన్య వేణుతోని తెగేసి అన్నది, "నా పిల్ల సామాను అమ్ముకున్న ఇంటికి నా పిల్లను తోల్కరాను." ఏడుపు ఆగక అదే మాట రమ్యతోనీ అన్నది. రమ్య ఉండేది ఈ గల్లీలనే. ఇగ నల్లాకాడికి చేరనీకి ఎంతసేపు?

వేణు అన్నం తినుడు మానిండు. పెండ్లాన్ని ఏమనలేడు, తల్లిని ఏమనలేడు, మోటర్ల మీద పడి సుత్తె కొట్టుడు. లింగవ్వ బీడీలు చేసుకుంట కూసున్నది. ఆకు కత్తిరించేటప్పుడు కైంచి మాత్రం ఊరికూరికే ఆగేది. మనుమరాలు ఆ గడప తొక్కుతదో తొక్కదో తెలువని మనిషి చెయ్యి ఎట్ల నడుస్తది?

ఖైరున్నిసా ఇంక ఉండలేకపోయింది. అటు దొంగసొమ్ము అమ్మే దుకాణమని తన ఇజ్జత్ పోయె, ఇటు లింగవ్వ ఎండిన కట్టెలెక్క అయిపోయె. ఇరవై ఒకటో దినం వేల్పూర్ల పిల్లకు తొట్టెల చేసి పేరు పెడ్తరని తెలుసు. ఆ పొద్దు ఆటో పిలిచి, దూది బస్తాల పక్కన ఉన్నవన్నీ ఎక్కిచ్చింది. బూట్లు, చక్రాల బండి, కాగితం కాగవెట్టే డబ్బా, ఒక్కటి ఇడువలేదు. లింగవ్వ చెయ్యి పట్టి గుంజింది.

"నేను రాను ఖైరూ."

"నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోయి, లింగవ్వ నిజంగనే అమ్ముకున్నదని చెప్పొస్త. నడువు."

రామ్‌దాస్ వాకిలంత ఉడుకవెట్టిన పసుపు ఆరవోసి ఉన్నది. ఆయన లేచి "రాండ్రి వదినా, కూసోండ్రి" అన్నడు గని మొకంల నవ్వు లేదు. ఆడోళ్లు గుసగుసలాడుకున్నరు. ఒకామె ఆటోల సామాను చూసి "అమ్ముడువోనివి వాపసు తెచ్చినట్టున్నది" అన్నది, వినవడేటట్టే.

ఖైరున్నిసా కొంగు నడుముకు చెక్కింది. "ఎవరమ్మా ఆ అన్నది? ముందటికి రా. లెక్క చూసుకో, సుకన్యా, నీ వస్తువు ఒక్కటి తక్కువైతే నన్నడుగు. ఒక్క దోమతెర మా ఆయన తెలువక అమ్మిండు, గదీ తిరిగి నీ పిల్లమీదికే వచ్చింది. మీ అత్త పైస ముట్టలేదు." అని ఊపిరి తీసుకోకుంట అంతా చెప్పింది. కొయ్య తొట్టెల సంగతి, గొడ్డలి సంగతి, గడప సంగతి. ఆ ముందటి మాటన్నామె వెనుకకు జరిగింది. రామ్‌దాస్ తల వంచుకున్నడు.

పిల్లను ఒళ్లె పెట్టుకున్న సుకన్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఖాలమ్మ, గీ మాట నాకెవరన్న చెప్తే నేను వినకపోదునా?" అన్నది. తర్వాత అత్త దిక్కు తిరిగింది. సుకన్య బుద్ధిమంతురాలు. ఖైరున్నిసాకు అన్ని దినాలు లోపల్లోపల నలిగిన ప్రశ్న ఆమెకూ తట్టింది.

"కని పిల్ల పుట్టినంక గడప భయం లేదు గద అత్తమ్మ. అప్పుడన్న తెచ్చి ఇంట్ల ఎందుకు పెట్టలేదు? ఫోన్ చేస్తే ఎందుకు చెప్పలేదు? ఖాలమ్మ చెప్పుడు కాదు. నువ్వు చెప్పు."

లింగవ్వ పిల్లను చూసింది. పసుపు దిక్కు చూసింది. మూసిన నోరు తెరిచింది.

"బూట్లకోసం ఫోన్‌ను అడిగినవ్. బండికోసం రమ్యను అడిగినవ్. ఎవలెవలో మొకం తెలువనోళ్ల వీడియోలు చూసి, వాళ్లు కొనుమన్నదల్ల కొన్నవ్. నువ్వు ఇక్కడికొచ్చేదాక నేను గదే ఇంట్ల, నీ పక్క అర్రల్నే ఉంటి గద బిడ్డా. పిల్లకు ఏం కొందాం అత్తమ్మ అని ఒక్కనాడన్న అడుగుతవేమో అని చూసిన. ఎన్నడడుగలే. నాకు మస్తు కోపమొచ్చింది, అందుకే ఇంట్లకు తేలే, నీకు చెప్పలే."