వయసడిగే చుక్కల మాస్టారు

మా చుక్కల మాస్టారు మనిషి ఎదురుపడితే నమస్కారం పెట్టరు, వయసు అడుగుతారు. లిఫ్టులో ఎక్కినవాళ్ళని, పాలు పోసేవాణ్ణి, చివరికి పొరపాటున ఫోన్ చేసినవాళ్ళని కూడా వదలరు. "సారీ అండీ, రాంగ్ నంబర్" అని అవతలివాళ్ళు పెట్టేయబోతే, "ఉండండుండండి, మీ వయసెంత?" అంటారు.

మా కంటి ఆసుపత్రిలో ఆయన పని, చుట్టూ ఎంతమేర చూపు ఆనుతుందో కొలవడం. గిన్నెలాంటి తెల్లటి మెషీన్‌లో తలపెట్టి నడిమధ్యకే చూస్తుంటే చుట్టూ వెలుగు చుక్కలు మెరుస్తాయి. కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. మెషీన్ ఆ ఫలితాన్ని అదే వయసున్న ఆరోగ్యవంతుల చూపుతో పోలుస్తుంది. అందుకే తప్పుడు వయసంటే మాస్టారికి ఒళ్ళు మంట.

"ముప్ఫై తొమ్మిదండీ," అందోసారి ఒకావిడ.

"మీ అబ్బాయికా?"

ఆవిడ చెప్పు తియ్యలేదు, అదే పదివేలు.

కళ్ళద్దాల కౌంటర్లో కూర్చునే నేనూ ఆ బాపతే. ఆసుపత్రిలో అందరికీ యాభై అనే చెప్పుకున్నాను. మా అమ్మ అంచుల నుంచి చూపుని తినేసే నీటికాసుల జబ్బుతో (గ్లకోమా) కళ్ళు పోగొట్టుకుంది. ఆ భయంతోనే మొన్న నేనూ ఆ గిన్నెలో తలపెట్టాను. కాగితం మీద అంచుల పొడుగునా చూపు తగ్గినట్టు మచ్చలు! అమ్మ గోడ తడుముకుంటూ నడవడం గుర్తొచ్చింది.

మాస్టారు కాగితాన్ని కాసేపు చూసి, లేచి తలుపు వేశారు. ఆయన గొంతు అంత మెల్లగా రాగలదని నాకు అప్పుడే తెలిసింది.

"అక్కయ్యా, నిజంగా ఎప్పుడు పుట్టారు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. మెషీన్‌లో అంకెలు మార్చి కొత్త కాగితం తీశారు. మచ్చలు దాదాపు పోయాయి.

"వయసు పెరిగేకొద్దీ సన్నటి వెలుగు ఎవరికైనా తక్కువే ఆనుతుంది. అంచుల్లో మరికాస్త తక్కువ. అరవై నాలుగేళ్ళ కన్నుని యాభయ్యేళ్ళ కన్నుతో పోటీకి దింపితే అది మాత్రం ఏం చేస్తుంది, పాపం? డాక్టరుగారికి చూపించండి, ఏటా పరీక్ష మానకండి. నాకైతే ఇది జబ్బులా లేదు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను ఎన్ని అబద్ధాలాడినా నా కళ్ళు మాత్రం నిజాయితీగా వయసు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాయన్నమాట.

తలుపు తీసేసరికి నడవాలో పదిమంది ఉన్నారు. నర్సు ఆత్రంగా, "మాస్టారూ, అక్కయ్య అసలు వయసు రాబట్టారా?" అంది.

నేను తలుపు పట్టుకుని మాస్టారి వైపు చూశాను.

మాస్టారు గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా, "యాభై! ఒక్కరోజు ఎక్కువున్నా నా చెవి కోసిస్తా!" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నోట తప్పుడు వయసు వినడం అదే మొదటిసారి. నేను కళ్ళు తుడుచుకునేలోపే ఆయన నా తర్వాత వంతున్న పెద్దాయన వైపు తిరిగి, "మీ వయసెంత? సరిగ్గా చెప్పాలి!" అని గద్దించారు.